వెనక నింపితే ముందు తేలికయ్యే బండి: టాయ్ హాలర్ టంగ్ వెయిట్ లెక్క

క్లుప్తంగా: వెనక గ్యారేజీలో బండ్లు మోసుకెళ్లే టాయ్ హాలర్ ట్రైలర్‌కు టంగ్ వెయిట్, అంటే దాని ముందు కొస ట్రక్ మీద మోపే బరువు, ఒకే అంకెగా ఉండదు. గ్యారేజీ ఖాళీగా ఉంటే పెరుగుతుంది, బండ్లు ఎక్కిస్తే తగ్గుతుంది, నీళ్ల ట్యాంక్ నిండినప్పుడూ ఖాళీ అయినప్పుడూ మళ్లీ మారుతుంది. ఎక్కువైతే లాగే ట్రక్ మీద భారం పడుతుంది, తక్కువైతే హైవే మీద ట్రైలర్ ఊగుతుంది. బ్రోచర్‌లో ఇచ్చే ‘హిచ్ వెయిట్’ ఈ రెండు పరిస్థితుల్లో దేనికీ సరిపోదు. అందుకే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ విడివిడిగా తూచుకోవాలి.

అమెరికాలో చలికాలం మొదలైతే ఇసుక దిబ్బల మీద బండ్లు తోలేవాళ్ల సీజన్ మొదలైనట్టే. దక్షిణ కాలిఫోర్నియాలో అందరూ గ్లామిస్ అని పిలిచే ఇంపీరియల్ శాండ్ డ్యూన్స్‌కు థాంక్స్‌గివింగ్ వారంలో శాన్‌డియాగో నుంచి, లాస్ ఏంజెలెస్ నుంచి, ఫీనిక్స్ నుంచి ట్రైలర్లు బారులు తీరుతాయి. డాలస్ వైపు వాళ్లకు ఓక్లహోమాలోని లిటిల్ సహారా ఉంది. ఈ ప్రయాణాల కోసమే పుట్టిన ట్రైలర్ టాయ్ హాలర్. ముందు సగం ఇల్లు, వెనక సగం గ్యారేజీ. వెనక గోడ కిందికి దిగి ర్యాంప్ అవుతుంది, దాని మీదుగా ఏటీవీలు (ఇసుకలో తిరిగే నాలుగు చక్రాల బండ్లు), మోటార్‌సైకిళ్లు, సైడ్-బై-సైడ్‌లు (పక్కపక్క సీట్లుండే చిన్న జీపు లాంటి బండ్లు) లోపలికి ఎక్కుతాయి.

టెక్సస్, కాలిఫోర్నియా, అరిజోనాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పికప్ ట్రక్ కొత్త కాదు. మామూలు ట్రావెల్ ట్రైలర్ లాగిన అనుభవం కొందరికి ఉంటుంది. ఆ అనుభవంతో టాయ్ హాలర్ దగ్గరికి వస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. మామూలు ట్రైలర్‌లో సామాను పెరిగేకొద్దీ టంగ్ వెయిట్ కూడా సాధారణంగా పెరుగుతుంది. ఇక్కడ అతి బరువైన సామాను ఎక్కించినప్పుడే అది తగ్గుతుంది.

టంగ్ వెయిట్ అంటే

ట్రైలర్ మొత్తం బరువులో కొంత భాగం దాని చక్రాల మీద కాకుండా ముందున్న కప్లర్ ద్వారా ట్రక్ వెనకున్న హిచ్ బాల్ మీద పడుతుంది. ఆ భాగమే టంగ్ వెయిట్. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది చెప్పకుండానే తెలుసు. బస్తాలన్నీ వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది, అన్నీ ముందు వేస్తే ఎడ్ల మెడ కుంగుతుంది.

బాల్ మీద తగిలించే ట్రైలర్లకు అమెరికాలో చెప్పే కొలత 10 నుంచి 15 శాతం. అంటే నింపిన ట్రైలర్ బరువు 10,000 పౌండ్లయితే, అంటే సుమారు 4,540 కిలోలైతే, బాల్ మీద 1,000 నుంచి 1,500 పౌండ్లు పడాలి. ట్రక్ బెడ్‌లో తగిలించే ఫిఫ్త్ వీల్ రకానికి ఇది 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. దాన్ని పిన్ వెయిట్ అంటారు.

ఖాళీ ట్రైలర్‌కు ముందు బరువు ఎందుకు

ట్రైలర్ తయారుచేసేవాళ్లకు గ్యారేజీలో బరువు పడుతుందని ముందే తెలుసు. ఆ బరువు పడ్డాక కూడా బాల్ మీద తగినంత భారం మిగలాలి కాబట్టి యాక్సిళ్లను బాగా వెనక్కి జరుపుతారు. వంటగది, ఫ్రిజ్, బాత్రూమ్, మంచం వంటివి ముందు భాగంలో వస్తాయి. ప్రొపేన్ సిలిండర్లు, బ్యాటరీలు చాలా మోడళ్లలో టంగ్, అంటే ట్రైలర్ ముందుకు పొడుచుకొచ్చిన భాగం మీదే ఉంటాయి. ఫలితంగా డీలర్ దగ్గర ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు టాయ్ హాలర్ ముక్కు బరువుగానే ఉంటుంది.

ఈ డిజైన్‌లో తప్పేమీ లేదు. అయితే తయారీదారు మనసులో పెట్టుకున్న బరువు, కొన్నవాళ్లు ఎక్కించే బరువు ఒకటి కావాలని లేదు. రెండు డర్ట్ బైక్‌లు పెట్టేవాళ్లూ, నాలుగు సీట్ల సైడ్-బై-సైడ్ పెట్టేవాళ్లూ అదే ట్రైలర్ కొంటారు. గ్యారేజీలో ఏమీ పెట్టకుండా దాన్ని పిల్లల గదిగా వాడుకునే కుటుంబాలూ ఉన్నాయి. ఈ మూడు ఇళ్లలో టంగ్ వెయిట్ మూడు రకాలుగా ఉంటుంది.

ఒక ఉదాహరణ లెక్క

లెక్క అర్థం కావడానికి ఒక ట్రైలర్‌ను ఊహించుకుందాం. ఖాళీ బరువు 7,500 పౌండ్లు. బాల్ నుంచి యాక్సిళ్ల మధ్య బిందువుకు 18 అడుగుల దూరం. ఖాళీగా ఉన్నప్పుడు టంగ్ వెయిట్ 1,050 పౌండ్లు, అంటే 14 శాతం. కాగితం మీద ఇది చక్కటి అంకె.

ఇప్పుడు 1,600 పౌండ్ల సైడ్-బై-సైడ్‌ను ఎక్కించి, దాని బరువు మధ్యభాగం యాక్సిళ్లకు నాలుగున్నర అడుగుల వెనక ఉండేలా నిలిపారనుకుందాం. యాక్సిల్ వెనక పెట్టిన బరువు టంగ్‌ను ఎంత పైకి లేపుతుందో చెప్పే సూత్రం చాలా సులువు: బరువును యాక్సిల్ నుంచి ఉన్న దూరంతో హెచ్చించి, బాల్ నుంచి యాక్సిల్‌కు ఉన్న దూరంతో భాగించాలి. 1,600 ను 4.5 తో హెచ్చించి 18 తో భాగిస్తే 400 పౌండ్లు. టంగ్ వెయిట్ 650 కి దిగింది. ట్రైలర్ మొత్తం బరువేమో 9,100 కి పెరిగింది. 14 శాతం కాస్తా 7 శాతమైంది. ఒక్క పౌండ్ కూడా పరిమితి దాటి ఎక్కించలేదు, అయినా కింది హద్దు దాటిపోయింది.

దీన్ని సరిచేసేవి నీళ్లు, ముందు భాగంలో పెట్టే సామాను. గ్లామిస్‌లో ట్రైలర్‌కు తగిలించుకునే నీటి కనెక్షన్లు ఉండవు కాబట్టి ఇంటి నుంచే నింపుకుని వెళ్తారు. టాయ్ హాలర్లలో 100 గ్యాలన్ల మంచినీటి ట్యాంక్ మామూలే. గ్యాలన్ నీళ్ల బరువు 8.34 పౌండ్లు, కాబట్టి నిండు ట్యాంక్ 834 పౌండ్లు. ఆ ట్యాంక్ యాక్సిల్‌కు మూడడుగుల ముందు ఉంటే టంగ్ మీద 139 పౌండ్లు కలుస్తాయి. బట్టలు, తిండి సరుకులు, పనిముట్లు కలిపి 500 పౌండ్లు యాక్సిల్‌కు 12 అడుగుల ముందు పెడితే మరో 333 పౌండ్లు. ఇప్పుడు టంగ్ వెయిట్ 1,122, ట్రైలర్ బరువు 10,434 పౌండ్లు, శాతం 10.8. ఇలా ఉంటే రోడ్డెక్కవచ్చు.

అదే ట్యాంక్ యాక్సిల్‌కు మూడడుగుల వెనక ఉంటే? కలవాల్సిన 139 పౌండ్లు తగ్గిపోతాయి. టంగ్ వెయిట్ 844, శాతం 8.1. మిగతా సామానంతా అదే, ట్యాంక్ చోటు ఒక్కటే మారింది. అందుకే కొనేటప్పుడు సోఫా రంగు కన్నా ముందు చూడాల్సింది కింద ట్యాంక్ ఎక్కడ బిగించారన్నది.

తిరుగు ప్రయాణం

చాలామంది వెళ్లేముందు ఒకసారి సరిచూసుకుని ఊరుకుంటారు. కానీ నాలుగు రోజులు క్యాంప్‌లో గడిపాక అదే ట్రైలర్ అదే బరువుతో లేదు. మంచినీళ్లు అయిపోయాయి. అవే మురుగునీళ్లుగా మారి వేరే ట్యాంకుల్లోకి, వేరే చోటికి చేరాయి. తిండి తగ్గింది. పై ఉదాహరణలోనే ముందు సామాను 350 పౌండ్లకు తగ్గి, గ్రే (సింకు, స్నానాల నీళ్లు), బ్లాక్ (టాయిలెట్) ట్యాంకుల్లో 500 పౌండ్లు యాక్సిల్‌కు రెండడుగుల వెనక చేరాయనుకుంటే, టంగ్ వెయిట్ 827 పౌండ్లు. ట్రైలర్ బరువు 9,950. అంటే 8.3 శాతం. వెళ్లేటప్పుడు నిలకడగా నడిచిన ట్రైలర్ వచ్చేటప్పుడు ఎందుకు ఊగుతోందో డ్రైవర్‌కు అంతుబట్టని సందర్భాల్లో ఒక కారణం ఇదే కావచ్చు.

దారి ఉంది. ఆ సైడ్-బై-సైడ్‌ను రెండడుగులు ముందుకు జరిపి కట్టగలిగితే టంగ్ మీద 178 పౌండ్లు తిరిగి వస్తాయి. 8.3 శాతం 10.1 అవుతుంది. గ్యారేజీలో చోటుంటే ఇది పైసా ఖర్చు లేని పని. చోటు లేకపోతే మురుగునీళ్లను డంప్ స్టేషన్‌లో వదిలి, మంచినీటి ట్యాంక్ ముందున్న మోడల్ అయితే దాన్ని కొంత నింపుకోవడం ఇంకో మార్గం. ట్యాంక్ వెనక ఉన్న మోడల్‌లో మాత్రం ఇదే పని సమస్యను పెంచుతుంది.

కట్టే తాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాచెట్ స్ట్రాప్ వదులై బండి రెండడుగులు వెనక్కి దొర్లితే పైన కూడిన 178 పౌండ్లు పోయినట్టే, అదీ రోడ్డు మీద, డ్రైవర్‌కు తెలియకుండా. కొంతదూరం వెళ్లాక ఆగి స్ట్రాప్‌లు మళ్లీ బిగించమని చెప్పేది బండి గీతలు పడకుండా ఉండటానికి మాత్రమే కాదు.

తక్కువైతే ఊగడం ఎందుకు

పక్కగాలి గానీ, దాటిపోయే సెమీ ట్రక్ నెట్టే గాలి గానీ ట్రైలర్ తోకను ఒక పక్కకు తోస్తుంది. ట్రైలర్ బాల్ చుట్టూ కొద్దిగా తిరుగుతుంది. టైర్లు రోడ్డును పట్టుకుని దాన్ని మళ్లీ వరుసలోకి లాగుతాయి. ఆ ఊపులో అది కొంచెం రెండో పక్కకు వెళ్తుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. ప్రతి ఊపుకూ బాల్ ద్వారా ట్రక్ వెనక భాగం కూడా పక్కకు నెట్టుకుపోతుంది. మామూలుగా ఈ ఊపులు రెండు మూడు సార్లలో చచ్చిపోతాయి.

గరిమనాభి యాక్సిల్‌కు తగినంత ముందు ఉన్నప్పుడు టైర్ల లాగుడుకు పైచేయి ఉంటుంది. గరిమనాభి వెనక్కి జరిగి యాక్సిల్‌కు దగ్గరయ్యేకొద్దీ టంగ్ వెయిట్ తగ్గుతుంది, ఊపును చంపే శక్తీ తగ్గుతుంది. వేగం పెరిగినా అంతే. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పి సరిచేద్దామనుకుంటే డ్రైవర్ స్పందన ఒక క్షణం ఆలస్యంగా చేరి ఊపుకు బలం చేకూరుస్తుంది. 60 మైళ్ల దగ్గర ఏ ఇబ్బందీ లేని ట్రైలర్ 70 దగ్గర అదుపు తప్పడం వెనక ఉన్నది ఇదే. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే వాహనాలకు గరిష్ఠ వేగం 55 మైళ్లు. పొరుగు రాష్ట్రంలోకి దాటగానే ఆ పరిమితి మారిపోతుంది, ట్రైలర్ స్వభావం మాత్రం మారదు.

శాతం సరిగ్గా ఉంటే చాలా? పూర్తిగా కాదు. టాయ్ హాలర్ విషయంలో తరచూ వదిలేసే అంశం ఇది. వెనక ర్యాంప్ దగ్గర 1,600 పౌండ్లు పెట్టి, దానికి సరితూగేలా ముందు కొసన మరో బరువు పెడితే టంగ్ వెయిట్ 12 శాతం రావచ్చు. కానీ బరువు రెండు కొసల్లో ఉన్న ట్రైలర్ ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆగడానికి ఎక్కువ బలం కావాలి. అదే బరువు యాక్సిల్ దగ్గరుంటే త్వరగా నిలకడకొస్తుంది. కాబట్టి వెనక బరువుకు విరుగుడుగా ముందు బరువు పెంచడం కన్నా, వెనక బరువునే మధ్యకు జరపడం మేలు. ముందు సామాను పెంచడం రెండో దారి మాత్రమే.

ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, బ్రేక్ కంట్రోలర్ మీదున్న మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. ట్రైలర్ బ్రేకులు దాన్ని వెనక నుంచి పట్టి లాగి వరుసలోకి తెస్తాయి. ట్రక్ బ్రేక్ గట్టిగా తొక్కితే వెనక నుంచి ట్రైలర్ నెట్టుకొస్తుంది, ఊపు మరింత పెరుగుతుంది. కొత్త ట్రక్కుల్లో ట్రైలర్ స్వే కంట్రోల్ ఇలాంటప్పుడు తనంతట తాను చక్రాలకు విడివిడిగా బ్రేకులు వేస్తుంది. అది మొదలైన ఊపును తగ్గించగలదు, ఊపుకు కారణమైన సామాను అమరికను మార్చలేదు.

ఎక్కువైతే ట్రక్‌కు ఏమవుతుంది

బాల్ ట్రక్ వెనక యాక్సిల్‌కు చాలా వెనక ఉంటుంది. వెనక యాక్సిల్ నుంచి బాల్‌కు 5 అడుగులు, రెండు యాక్సిళ్ల మధ్య 12 అడుగులు ఉన్న పికప్ మీద 1,122 పౌండ్లు పడితే, ముందు యాక్సిల్ నుంచి సుమారు 467 పౌండ్లు లేచిపోతాయి. వెనక యాక్సిల్ మీద దాదాపు 1,590 పౌండ్లు అదనంగా పడతాయి. స్టీరింగ్ తేలికవుతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

అసలు చిక్కు పేలోడ్ దగ్గర వస్తుంది. డ్రైవర్ తలుపు పక్కనున్న పసుపు స్టిక్కర్‌లో మనుషులు, సామాను కలిపి ఎంత మోయవచ్చో రాసి ఉంటుంది. టంగ్ వెయిట్ కూడా అందులోకే వస్తుంది. 1,122 పౌండ్ల టంగ్, హిచ్ సామగ్రి 100, నలుగురు మనుషులు 600, బెడ్‌లో కట్టెలూ కూలర్లూ 200 కలిపితే 2,022. హాఫ్-టన్ అనే మామూలు పికప్‌ల తరగతిలో చాలా ట్రక్కుల పేలోడ్ 1,400 నుంచి 1,900 పౌండ్ల మధ్య ఉంటుంది. ప్రకటనలో అదే ట్రక్ 11,000 పౌండ్లు లాగుతుందని ఉండవచ్చు. అది అబద్ధం కాదు. వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ పెట్టిన జె2807 ప్రమాణం ప్రకారం ఆ అంకెను డ్రైవర్, పక్కన ఒకరు, చెరి 150 పౌండ్లు, టంగ్ వెయిట్ 10 శాతం అనుకుని తేలుస్తారు. నలుగురు కుటుంబంతో, 14 శాతం టంగ్‌తో బయల్దేరితే లెక్క మారిపోతుంది. టాయ్ హాలర్ కొనేవాళ్లు ఒక మెట్టు పెద్దదైన త్రీ-క్వార్టర్-టన్ ట్రక్‌కు మారడానికి ఇంజిన్ బలం కన్నా పేలోడే ఎక్కువ కారణం.

ట్రక్ వెనక హిచ్‌ను దూర్చే గొట్టం, రిసీవర్‌కు కూడా సొంత పరిమితి ఉంది. దాని మీద అంటించిన స్టిక్కర్‌లో సాధారణంగా రెండు అంకెలుంటాయి. మామూలుగా బాల్ మీద మోయడానికి ఒకటి, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడితే మరొకటి. చాలా హాఫ్-టన్ ట్రక్కుల్లో మొదటిది 500 పౌండ్లే. అంటే పై ఉదాహరణలోని ట్రైలర్‌ను అలాంటి ట్రక్‌కు ఉత్త బాల్ మీద తగిలించడమే కుదరదు.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ చేసేది, చేయనిది

ఈ హిచ్‌లో రెండు స్ప్రింగ్ బార్లు ట్రక్‌కూ ట్రైలర్‌కూ మధ్య వంగి నిలబడి, ట్రక్ వెనక యాక్సిల్ మీద పడిన భారంలో కొంత ముందు యాక్సిల్‌కూ, కొంత ట్రైలర్ యాక్సిళ్లకూ పంచుతాయి. ముందు యాక్సిల్ కోల్పోయిన బరువులో ఎంత తిరిగి రావాలో ట్రక్ మాన్యువల్ చెబుతుంది. అన్ని కంపెనీలూ ఒకే మాట చెప్పవు కాబట్టి ఆ మాన్యువల్‌నే చూడాలి.

ఇది తక్కువ టంగ్ వెయిట్‌కు మందు కాదు. 7 శాతం ఉన్న ట్రైలర్‌కు ఎంత ఖరీదైన హిచ్ పెట్టినా గరిమనాభి ఉన్నచోటు నుంచి కదలదు. రాపిడితో ఊపును తగ్గించే రకాలు కొంత సాయం చేస్తాయి, మూలం అలాగే ఉంటుంది. టాయ్ హాలర్‌కు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గ్యారేజీ ఖాళీగా ఉన్నప్పుడు సరిచేసిన బార్లు, బండ్లు ఎక్కించాక అదే బిగింపుతో ఉంటే ట్రక్ వెనక యాక్సిల్‌ను అవసరానికి మించి తేలిక చేయవచ్చు. తడి రోడ్డు మీద అది మంచిది కాదు. రెండు పరిస్థితులకూ రెండు అమరికలు రాసి పెట్టుకుంటే సరి.

ఫిఫ్త్ వీల్ టాయ్ హాలర్లలో పిన్ వెనక యాక్సిల్ పైనో కాస్త ముందో కూర్చుంటుంది కాబట్టి ఊపు భయం బాగా తక్కువ. అక్కడ సమస్య అంతా ఖాళీగా ఉన్నప్పటి పిన్ వెయిట్, పేలోడ్. పెద్ద మోడళ్లలో అది 3,000 పౌండ్లు దాటుతుంది, వెనక నాలుగు చక్రాలున్న డ్యూయల్లీ ట్రక్ అవసరమయ్యేది అందుకే.

యూరప్‌లో 5 నుంచి 7 శాతం ఎలా సరిపోతుంది

బ్రిటన్‌లో కారవాన్ లాగేవాళ్లకు చెప్పే కొలత 5 నుంచి 7 శాతం. అక్కడి కార్లలో చాలావాటికి బాల్ మీద 75 నుంచి 100 కిలోల పరిమితే ఉంటుంది. ఇది చూసి అమెరికాలో కూడా 7 శాతం చాలు అనుకోవడం పొరపాటు. బ్రిటన్‌లో కారవాన్ లాగే కారుకు మోటార్‌వే మీద 60 మైళ్లే గరిష్ఠ వేగం. జర్మనీలో మామూలుగా గంటకు 80 కిలోమీటర్లు, ప్రత్యేక అనుమతి ఉంటే 100. అక్కడి కారవాన్లు తేలిక, బరువైన వస్తువులు యాక్సిల్ మీదే వచ్చేలా అమరుస్తారు. వెనక కొసన 1,600 పౌండ్ల బండిని మోసుకుంటూ 70 మైళ్ల వేగంతో వెళ్లే ట్రైలర్‌కు ఆ కొలత వర్తించదు.

తూకం వేయడం ఎలా

ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ ఇందుకు బాగా పనికొస్తుంది. ట్రక్ ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ యాక్సిళ్లు వేర్వేరు పలకల మీద నిలబడతాయి, మూడు బరువులూ విడివిడిగా చీటీ మీద వస్తాయి. ముందు ట్రైలర్ తగిలించి, స్ప్రింగ్ బార్లు వదిలేసి తూచాలి. తర్వాత బార్లు బిగించి తూచాలి. చివరగా ట్రైలర్ విప్పి ట్రక్ ఒక్కదాన్నే తూచాలి, అవే మనుషులతో, అదే ఇంధనంతో. ట్రక్ ఒక్కటే 6,400 పౌండ్లు ఉండి, బార్లు లేకుండా ట్రైలర్ తగిలించినప్పుడు దాని రెండు యాక్సిళ్ల మీద 7,520 వస్తే, టంగ్ వెయిట్ 1,120. బార్లు బిగించినప్పటి చీటీ ముందు యాక్సిల్‌కు ఎంత తిరిగొచ్చిందో చెబుతుంది.

ఇంటి దగ్గరే చూసుకోవాలంటే కప్లర్ కింద పెట్టే హైడ్రాలిక్ టంగ్ స్కేళ్లు దొరుకుతాయి, బాల్ మౌంట్‌లోనే మీటర్ ఉన్నవీ వస్తున్నాయి. క్యాంప్‌లో బండి ఎక్కించాక ఒకసారి, జరిపాక ఒకసారి చూసుకోవడానికి ఇవే అనువు, ఎందుకంటే దిబ్బల మధ్య క్యాట్ స్కేల్ ఉండదు.

ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ట్రైలర్‌ను ట్రక్ నుంచి విప్పేసి, వెనక ఆసరా లేకుండా బండిని ర్యాంప్ మీదికి ఎక్కిస్తే ముక్కు ఒక్కసారిగా గాల్లోకి లేవవచ్చు. తగిలించి ఉన్నా బండి ర్యాంప్ దాటే క్షణంలో ట్రక్ వెనక భాగం పైకి లేస్తుంది. కప్లర్ లాచ్, పిన్ సరిగ్గా పడ్డాయో లేదో ఆ పనికి ముందే చూసుకోవాలి, ట్రక్ పార్కింగ్ బ్రేక్ వేసి ఉంచాలి.

కొనేముందు

బ్రోచర్‌లోని హిచ్ వెయిట్ నీళ్లు, సామాను, బండ్లు ఏవీ లేని అంకె. కొన్నిసార్లు బ్యాటరీ బరువు కూడా అందులో కలిసి ఉండదు. కాబట్టి డీలర్‌ను అడగాల్సిన ప్రశ్నలు వేరు. మంచినీటి ట్యాంక్ యాక్సిల్‌కు ముందా వెనకా, ఎన్ని గ్యాలన్లు? గ్రే, బ్లాక్ ట్యాంకులు ఎక్కడున్నాయి? బాల్ నుంచి యాక్సిళ్ల మధ్యకు దూరమెంత? తమ దగ్గరున్న బండి లోపల నిలిపితే దాని మధ్యభాగం యాక్సిల్‌కు ఎన్నడుగుల వెనక వస్తుంది? చివరి రెండింటికి టేపు చాలు. ఈ నాలుగు జవాబులూ, తమ ట్రక్ తలుపు స్టిక్కర్ మీది పేలోడ్ అంకె చేతిలో ఉంటే, పైన వేసిన లెక్కంతా డీలర్ ఆవరణలోనే ఫోన్ క్యాలిక్యులేటర్ మీద వేసుకోవచ్చు. సంతకం పెట్టకముందే.